పరిగెత్తని మూడు రౌండ్లు

కొత్తగా మెడలో విజిల్ వేసుకుని హైస్కూళ్ళలో చేరుతున్న పీఈటీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇది రాస్తున్నాను. నా వయసువాళ్ళు ఉద్యోగం గురించి రాస్తే కప్పులూ, షీల్డులూ, వీడ్కోలు సభలో వేసిన దండలూ ఉంటాయి. నాకూ ఉన్నాయి. వట్లూరులో మా ఇంటికి ఎవరైనా వస్తే మా ఆవిడ విసుక్కుంటూనే వాటిని చూపిస్తుంది, దుమ్ము దులిపేది ఆవిడే కాబట్టి. ఇది వాటి గురించి కాదు. ఒక మనిషి మీద నేను పడ్డ కుళ్ళు గురించి. కుళ్ళు అనే మాట బాగాలేదు, అసూయ అని రాయి నాన్నా అంది మా అమ్మాయి. అసూయ అంటే ఏదో గొప్పవాళ్ళకు ఉండే జబ్బులా వినిపిస్తుంది. నాది అచ్చంగా కుళ్ళే.

నేను చివరిగా పనిచేసింది కొల్లేరు అంచున ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఏలూరు దాటాక కొంతదూరం మంచి రోడ్డే. ఆ తర్వాత చేపల చెరువుల మధ్య గట్టు మీద ప్రయాణం. మా పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల లంక గ్రామాల నుంచి ఆటోల్లో వచ్చేవారు. ఒక్కో ఆటోలో ఎంతమంది కూర్చుంటారో మీకు తెలుసు కాబట్టి చెప్పను.

నాకు ఖోఖో అంటే ప్రాణం. ఆ బడికి వెళ్ళిన రెండో ఏటికే మా ఆడపిల్లల జట్టు ఉంగుటూరు వైపు ఏ పోటీ జరిగినా కప్పుతో తిరిగొచ్చేది. ఆ జట్టును తయారుచేసిన పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇప్పుడు అదే చేస్తూ ఉండి ఉంటారు. గేమ్స్ పీరియడ్ మొదలవగానే "టీమ్ ఇటు, మిగతావాళ్ళు అటు" అనేవాణ్ణి. ఇటు అంటే గ్రౌండు. అటు అంటే సైకిల్ స్టాండు పిట్టగోడ. ఆ గోడ మీద మిగతావాళ్ళంతా వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు, రికార్డులు రాసుకునేవారు, ఒకళ్ళకొకళ్ళు జడలు వేసుకునేవారు. లెక్కల మాస్టారు అప్పుడప్పుడూ వచ్చి "కూర్చునేదానికి గ్రౌండెందుకండీ, క్లాసులో కూర్చోబెడతాను" అని వాళ్ళను తోలుకుపోయేవారు. నేనూ అడ్డు చెప్పేవాణ్ణి కాదు. పన్నెండు మందిని తీర్చిదిద్దే పనిలో ఉన్నవాడికి మిగతా నాలుగు వందల మంది గొడవ దేనికి?

ఆ గోడ మీద కూర్చునేవాళ్ళలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. వాళ్ళ నాన్న ఒక లంక ఊళ్ళో చేపల చెరువు మీద మేత వేసే పని చేసేవాడు. ఆ పిల్ల ప్రార్థనకు కూడా అందరికన్నా వెనకగా, నెమ్మదిగా నడిచి వచ్చేది. నేను దానికి 'బద్ధకం' అని పేరు పెట్టాను. "ఏమ్మా బద్ధకం, ఇంకా తెల్లారలేదా?" అంటే పిల్లలు నవ్వేవారు. అది కూడా నవ్వేది. ఆ నవ్వు చూసి నా హాస్యం బాగుందనుకునేవాణ్ణి.

నా రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా మా బడికి కొత్తగా బయాలజీ మేడం వచ్చింది. ముప్పై దాటి ఉంటాయేమో. ఏలూరులో వాళ్ళ నాన్నగారిది టైలరింగ్ షాపు. తెల్లారి నమాజు అవగానే టిఫిన్ డబ్బా సర్దుకుని, స్కూటరు మీద గట్టు రోడ్డు పట్టుకుని, నాకంటే ముందే బడిలో ఉండేది. మొదటి వారంలోనే అన్ని తరగతుల పిల్లల పేర్లూ నేర్చేసుకుంది. నాకు అక్కడే మొదలైంది. నాకు జట్టు పిల్లల పేర్లు తప్ప మిగతావాళ్ళంతా "ఒరే పొడుగోడా", "ఏయ్ రెండో బెంచీ". ఈవిడ వరండాలో నడుస్తుంటే అటూ ఇటూ పేర్లు పెట్టి పలకరిస్తోంది, పిల్లలు వెలిగిపోతున్నారు. ఇదంతా కొత్త మోజే, నాలుగు రోజుల్లో పోతుంది అనుకున్నాను. పోలేదు.

ఆవిడ చేసిన మొదటి పని పిల్లలందరి చేతా చిన్న పుస్తకాలు పెట్టించడం. దానికి 'ఒంటి పని పుస్తకం' అని పేరు. లేచింది మొదలు పడుకునేదాకా ఎంతసేపు నడిచారు, ఎంతసేపు ఆడారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎంతసేపు ఫోన్ చూశారు, అన్నీ రాయాలి. నెల తిరిగాక స్టాఫ్ మీటింగులో వాటిని ముందు పెట్టుకుని మెత్తగా చెప్పింది.

"మన పిల్లలు ఆటో దిగి బెంచీ ఎక్కుతున్నారండి, బెంచీ దిగి ఆటో ఎక్కుతున్నారండి. ఇంటికెళ్ళాక మంచం, ఫోను. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలైతే ఒళ్ళు కదిపే పనే లేదండి. పల్లెటూరి పిల్లలు కదా, బాగా తిరుగుతారనుకున్నానండి నేను."

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "చాలా మంచి పని చేశారమ్మా" అన్నారు. అని ఊరుకుంటే బాగుండేది. నా వైపు తిరిగి, "మీరూ కాస్త చూడండి మాస్టారూ" అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నా సబ్జెక్టు గురించి నాకు వేరేవాళ్ళు చెప్పడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం చూస్తే నోటీసు బోర్డు మీద మా జట్టు ఫోటో తీసి పక్క గోడకు తగిలించారు. బోర్డు నిండా ఆవిడ పిల్లలు గీసిన చార్టులు. మా ఫోటో తగిలించిన చోట మంచినీళ్ళ కుళాయి ఉంది. చేతులు కడుక్కున్నవాళ్ళంతా దాని మీద నీళ్ళు చిలకరించేవారు.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం గంటకు ముందు పది నిమిషాలు ఆవిడ పిల్లల్ని బయటికి తేవడం మొదలుపెట్టింది. చెరువుల దగ్గర పారేసిన నైలాన్ తాళ్ళు తెప్పించి, ముక్కలు కోయించి, తాడాట ఆడించేది. ఒకటే నియమం, ఎవరూ కూర్చోకూడదు. పిట్టగోడ ఖాళీ అయిపోయింది. ఆడపిల్లలు చున్నీలు నడుముకు చుట్టుకుని గెంతుతుంటే బడి బడంతా ఒకటే నవ్వులు. నేను గేమ్స్ రూమ్ కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. అంతమంది పిల్లలు నా పీరియడ్‌లో ఎప్పుడూ నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లల్ని చూడలేదు నేను. ఆవిణ్ణి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. మా ఖోఖో కెప్టెన్ కూడా ఒకరోజు తాడు పట్టుకుని ఆవిడ దగ్గర గెంతుతూ కనిపించింది. సొంతవాళ్ళు పక్కపార్టీలో చేరినట్టయింది. ఆ రోజు దాని చేత పది రౌండ్లు అదనంగా పరిగెత్తించాను.

ఇంత సందడిలోనూ ఆ 'బద్ధకం' పిల్ల గెంతేది కాదు. తాడు చివర పట్టుకుని తిప్పేది. అది కూడా కాసేపు తిప్పి ఇంకొకళ్ళకు ఇచ్చేసేది. ఒకరోజు మేడం నా గది గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఏవండీ మాస్టారూ, ఆ అమ్మాయికి తాడు తిప్పితేనే ఆయాసం వస్తోందండి. వాళ్ళ నాన్నగారికి కబురు పెడితే, ఆడపిల్లకి ఈ వయసులో నీరసం మామూలేనన్నారట. మీరొక మాట చెబితే వింటారండి."

"ఆయాసమా, వేషమా?" అన్నాను. "ఇలాంటివాళ్ళని ఇరవై తొమ్మిదేళ్ళుగా చూస్తున్నానండి."

"వేషం కాదేమోనండి. మెట్లెక్కినా ఆగుతోంది."

"మీరు పాఠం చెప్పుకోండి. ఒంటి సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. ఇలాంటివి రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ, రాయకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

ఆ చలికాలంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. హైస్కూలు పిల్లలు రోజూ ఒళ్ళు ఎంత కదుపుతున్నారో, వాళ్ళ ఊపిరి ఏపాటిదో చూడటానికి ఒక బృందం కొన్ని బడులకు వస్తుంది. చీటీలు తీసి ఇరవై మందిని ఎంచాలి. ఆ ఇరవై మందీ గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తాలి. వెంటనే నాడి చూస్తారు. పరిగెత్తలేకపోయినవాళ్ళను, నాడి తేడాగా ఉన్నవాళ్ళను ఏలూరు ఆసుపత్రికి పిలిపించి పూర్తిగా పరీక్ష చేయిస్తారు. మేడం స్టీలు గిన్నెలో చీటీలు వేసి, ఆరో తరగతి పిల్ల చేత తీయించింది. అందులో ఆ సన్నటి పిల్ల పేరు వచ్చింది. మేడం సంతోషం చూడాలి. "నాన్న పంపకపోయినా ఇప్పుడు డాక్టర్లే పిలుస్తారే" అని దాని బుగ్గ గిల్లింది. ఆ పిల్ల కూడా మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వింది.

బృందం వచ్చే రోజుకు మేడం ఊళ్ళో లేదు. తాడేపల్లిగూడెంలో మూడు రోజుల ట్రైనింగుకు వెళ్ళమని ఆర్డరు వచ్చింది. వెళ్ళేముందు జాబితాను హెడ్మాస్టరు గారికి ఇచ్చింది. ఆయన దాన్ని నాకిచ్చి, "బడి పరువు మీ చేతుల్లో ఉంది" అన్నారు.

తమ్ముళ్ళూ, మన ఉద్యోగంలో ఒక అలవాటు ఉంది. బయటినుంచి ఎవరు చూడటానికి వచ్చినా ముందువరసలో మన ఆటగాళ్ళనే నిలబెడతాం. ఇన్‌స్పెక్షన్‌కైనా వాళ్ళే, జెండా పండగ మార్చింగుకైనా వాళ్ళే, పై ఆఫీసుకు పంపే ఫోటోలోనైనా వాళ్ళే. దాన్ని ఎవరూ మోసం అనరు. అలవాటు కొద్దీ నేనూ ఆ పొద్దున జాబితా చూశాను. ఇరవై మందిలో తొమ్మిది మంది ఆడపిల్లలు పిట్టగోడ బాపతు. జాబితాలో వాళ్ళ పేర్లకు ఇచ్చిన నంబర్ల గుడ్డలు తీసి మా జట్టు పిల్లల చొక్కాలకు పిన్నీసులతో గుచ్చాను. అలవాటు కొద్దీ అన్నాను గానీ, అది సగమే నిజం. ఆవిడ తీసిన చీటీలను తారుమారు చేస్తున్నానన్న ఉల్లాసం మిగతా సగం. ఆ పిల్లలు చతికిలబడితే ఆవిడ చార్టులన్నీ నిజమైపోతాయి, నా ఇరవై తొమ్మిదేళ్ళూ అబద్ధమైపోతాయి.

ఆ సన్నటి పిల్ల నంబరు మా కెప్టెన్‌కు గుచ్చాను. అది నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, నా పేరొచ్చిందండి. మేడం గారు పరిగెత్తమన్నారండి."

"నువ్వు లైబ్రరీలో కూర్చోమ్మా. అవసరమైతే పిలుస్తాను" అన్నాను.

అది తల ఊపి వెళ్ళిపోయింది. పిలవలేదు నేను.

కెప్టెన్ ప్రాణం పెట్టి పరిగెత్తింది. వచ్చిన బృందం ముచ్చటపడింది. పదిహేను రోజులకు మెచ్చుకుంటూ ఒక ఉత్తరమూ, ఆడపిల్లల్లో మొదటి స్థానానికి ఒక సర్టిఫికెట్టూ వచ్చాయి. ఆ సర్టిఫికెట్టు ఎవరి పేరు మీద వస్తుందో నాకు అప్పటిదాకా తట్టనేలేదు, నమ్మండి. హెడ్మాస్టరు గారు ప్రార్థన దగ్గర పేరు చదివి పిలిచారు. ఆ సన్నటి పిల్ల వెనక వరసలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, రెండు చేతులతో ఆ కాగితం పుచ్చుకుంది. పిల్లల్లో గుసగుసలు. కెప్టెన్ ముఖం మాడిపోయింది. ఇంటర్వెల్‌లో నా గదిలోకి వచ్చి ఏడ్చింది.

"పరుగు నాది సార్, పేరు దానిదా? గోడ మీద కూర్చునే దానికి ఫస్టేంటి సార్?"

"బడి కోసం తల్లీ. బయట అనకు" అన్నాను. ఆ సన్నటి పిల్లకూ అదే చెప్పాను.

కెప్టెన్ కళ్ళల్లో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఏడాదిగా నేను రోజూ అద్దంలో చూసుకుంటున్నదే.

మేడం మళ్ళీ నా గుమ్మం దగ్గరకు వచ్చింది.

"ఏవండీ మాస్టారూ, ఆ అమ్మాయి నిజంగా మూడు రౌండ్లూ పరిగెత్తిందాండీ?"

"పరిగెత్తకుండానే ఇచ్చారా సర్టిఫికెట్టు? దగ్గరుండి పరిగెత్తించాను. మీరు లేకపోతే పిల్లలు పరిగెత్తరా ఏంటండీ?"

ఆవిడ వాదిస్తుందని సిద్ధంగా ఉన్నాను. వాదించలేదు. "అయితే నేనే పొరబడ్డానండి. అనవసరంగా పిల్లని భయపెట్టాను. మీ అనుభవం ముందు నేనెంతండీ, ఏమీ అనుకోకండి" అంది. ఆ రోజు నుంచి ఆసుపత్రి ఊసు ఎత్తలేదు. నేను గెలిచాను. ఉద్యోగంలో నేను గెలిచిన ఏ కప్పూ అంత తియ్యగా లేదు.

ఆ వారంలోనే పిల్ల తండ్రి బడికి వచ్చాడు. చేతిలో తడి సంచి, అందులో ఇంకా కొట్టుకుంటున్న కొర్రమీను. నన్ను వెతుక్కుంటూ గ్రౌండులోకి వచ్చి దణ్ణం పెట్టాడు.

"ఆయ్, మీ చలవేనండి మాస్టారూ. మా ఇంటావంటా సదువులో గానీ ఆటలో గానీ ఫస్టు అన్న మాటే లేదండి. కాయితం లామినేషన్ సేయించి, వొచ్చినోళ్ళకి కనపడేలాగ గుమ్మం మీద ఎట్టామండి. రేపట్నించి ఆటో మానిపించేత్తన్నానండి. బళ్ళో ఇచ్చిన సైకిలు వసారాలో ఊరికే పడుంది. పరుగులో ఫస్టొచ్చిన పిల్లకి ఆటో ఏంటండీ, నామోషీ గాని!"

వద్దు అని చెప్పడానికి అదే సమయం. "సైకిలు మంచిదేలెండి" అన్నాను. చేప ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ పులుసు పెట్టింది. ఎవరిచ్చారని అడిగితే, ఒక పేరెంటు అభిమానంతో ఇచ్చాడని చెప్పాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. సంక్రాంతి సెలవులై బడి తెరిచిన వారం. పొద్దున మంచు ఇంకా విడలేదు. చెరువుల మీద పక్షుల్ని తోలడానికి డబ్బాలు కొడుతున్నారు. గట్టు మీద నా బండికి ముందు పిల్లల ఆటో పోతోంది. అందులోని పిల్లలు ఒకచోట తలలు బయటపెట్టి, "ఫస్టూ, ఫస్టూ" అని అరిచారు. ఆటో వెళ్ళాక చూస్తే ఆ పిల్ల. సైకిలు గట్టుకు ఆనించి, తూము దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుంది. పెదవులు నల్లబడ్డాయి. మెడ దగ్గర నరం కొట్టుకోవడం బండి మీద ఉన్న నాకే కనిపించింది.

బండి ఆపి దగ్గరకు వెళ్ళాను. నన్ను చూసి లేవబోయింది.

"కాసేపాగితే తగ్గిపోద్దండి. రోజూ మూడు చోట్ల ఆగుతానండి. ఈ తూము దగ్గర, మేత షెడ్డు దగ్గర, వంతెన ఎక్కకముందు."

"రోజూనా? మీ నాన్నకి చెప్పలేదా?"

"చెప్పానండి. ఫస్టొచ్చిన దానివి నీకు ఆయాసమేంటే, బద్ధకం కాకపోతే అంటున్నాడండి."

బద్ధకం నా మాట. ఎంత దూరం ప్రయాణం చేసి ఎవరి నోట్లోకి చేరిందో చూడండి.

అది ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ అంది. "సార్, నేను పరిగెత్తలేదని మీరే మా నాన్నకి చెప్పండి సార్. నేను చెప్తే నమ్మట్లేదండి. మాస్టారు అబద్ధం రాస్తారేంటే అంటన్నాడు."

ముప్పై ఏళ్ళుగా పిల్లల ఒళ్ళు చూసే ఉద్యోగం నాది. ఆ నిమిషంలో నాకు అర్థమైంది ఒక్కటే, ఈ పిల్లకు ఏదైనా జరిగితే దానికి కారణం నేను. సైకిలు మేత షెడ్డులో పెట్టి, పిల్లను బండి మీద కూర్చోబెట్టుకుని, ఎద్దుబండి వేగంతో బడికి చేరాను. దారి పొడుగునా ఎవరికి చెప్పాలా అన్నదే ఆలోచన. హెడ్మాస్టరు గారికి చెబితే రిటైర్మెంటు ముందు మెమో. అది భరించగలను. మేడంకు చెప్పడం ఉంది చూశారూ, అది మాత్రం నా వల్ల అయ్యేలా లేదు. అబద్ధం పట్టుబడినందుకు కాదు. ఆవిడ సరిగ్గా చూసిందనీ, నేను చూడలేదనీ ఆవిడ ముఖం మీదే ఒప్పుకోవాలి.

అయినా ముందు మేడం ఉండే ల్యాబ్‌కే వెళ్ళాను. పిల్లను బెంచీ మీద పడుకోబెట్టించి, జరిగిందంతా ఒక్క ఊపులో చెప్పేశాను. చీటీలు, పిన్నీసులు, కెప్టెన్ పరుగు, దగ్గరుండి పరిగెత్తించానన్న అబద్ధం.

"ఎందుకండీ?" అంది మేడం.

"కుళ్ళండి" అన్నాను. "మీ దగ్గరకి పిల్లలు వెళ్తుంటే చూడలేకపోయానండి."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆవిడ చేతులకంటిన సుద్ద దులుపుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. "పదండి, ముందు వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్దాం. నేను మీ మాట నమ్మి ఊరుకున్నాను కదండీ, నాకూ ఉంది ఇందులో పాపం" అంది. అక్కడ కూడా నాకు కుళ్ళే వచ్చింది. ఇలాంటి సమయంలో కూడా ఇంత మర్యాదగా ఎలా ఉండగలదు మనిషి?

తండ్రి చెరువు మధ్య పడవలో ఉన్నాడు, వెదురు బొంగులకు మేత సంచులు కడుతూ. పిలిస్తే గట్టుకు వచ్చాడు. మేత పొడి అంటిన చేతులు కట్టుకుని నిలబడి, నేను చెప్పిందంతా విన్నాడు. నాకు కొడతాడనిపించింది. కొట్టలేదు. ఆయనకు ముందు ఒకటే అందింది.

"అంటే, మా పిల్ల ఫస్టు రాలేదాండీ?"

"రాలేదండి. పరిగెత్తనేలేదు. నేనే తప్పు రాయించాను."

ఆయన చెరువు వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మొన్న కూడా కొట్టానండి దాన్ని, సైకిలు తొక్కనంటంటే" అన్నాడు. తర్వాత గబగబా చొక్కా వెతుక్కున్నాడు.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. నాకు మెమో వచ్చింది. తప్పు నాదేనని బృందానికి నా చేత్తోనే ఉత్తరం రాశాను. వాళ్ళు మా బడి వివరాలన్నీ కొట్టేశారు. కెప్టెన్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నేను నంబర్లు తీసేసిన మిగతా ఎనిమిది మంది పిల్లల దగ్గరకూ వెళ్ళి, ఒక్కొక్కరి పేరూ అడిగి తెలుసుకుని, మళ్ళీ పరీక్ష చేయించాను. వాళ్ళకు ఏమీ లేదు. ఇవన్నీ వీడ్కోలు సభలో ఎవరూ ఎత్తలేదు. నా మంచితనం గురించే మాట్లాడారు. బయాలజీ మేడం కూడా రెండు మంచి మాటలు చెప్పింది, అవి వింటూ తల దించుకుని కూర్చున్నాను.

నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చేది మాత్రం ఏలూరు ఆసుపత్రి. ఆ రోజే నలుగురం ఆటోలో వెళ్ళాం. గుండెకు స్కానింగ్ తీశారు. డాక్టరు గారు వయసులో మా అమ్మాయంత ఉంటుంది. చిన్నప్పుడు కీళ్ళవాపుతో వచ్చిన జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసిందనీ, ఇప్పుడైనా తెలిసింది కాబట్టి మూడు వారాలకోసారి ఇంజెక్షను తప్పకుండా చేయిస్తే, మందులు వాడితే, కాపాడుకోవచ్చనీ చెప్పింది. ఇంకో ఏడాది ఇలాగే సైకిలు తొక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పమని తండ్రి అడిగాడు. ఆవిడ పిల్ల వైపు తిరిగింది. ఇంజెక్షన్లకు తోడు ఎవరు వస్తారని పిల్లను అడిగితే, నేను నోరు తెరిచేలోపే అది మేడం చెయ్యి పట్టుకుంది. నేను రోజూ వచ్చేది ఆ దారినే అయినా నావైపు చూడలేదు. అక్కడ కూడా, ఆ మందుల వాసనలో, నా కడుపు మండింది.

డాక్టరు గారు కాగితం రాస్తూ అడిగింది.

"ఆయాసం ముందు ఎవరు గమనించారు?"

"మేడం గారండి" అంది పిల్ల.

"మీరెవరండీ?" అని నన్ను అడిగింది.

"స్కూల్లో పీఈటీనండి. డ్రిల్లు మాస్టారిని."

ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. "పీఈటీ అయితే మీకు మొదటి ఏడాదే తెలియాలి కదండీ. నాలుగేళ్ళుగా మీ దగ్గర పరిగెడుతోంది, ఒక్కసారైనా మీ కంట పడలేదా?"

మెడలో విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాను. తండ్రి నావైపు చూశాడు. మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. బల్ల మీద కూర్చున్న పిల్ల నా ముఖం చూసింది. నేను పడుతున్న అవస్థ దానికి జాలి కలిగించినట్టుంది. నన్ను కాపాడాలని గబుక్కున ముందుకు వంగి చెప్పింది.

"మాస్టారి తప్పేం లేదండి. నన్ను ఎప్పుడూ పరిగెత్తించలేదండి ఆయన."